లెక్కకు సరిపోయిన చెయ్యి

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. భయం అసలే లేదు. కరెంటు ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ శ్మశానాల పక్క స్తంభాలూ, ఊరవతల ట్రాన్స్‌ఫార్మర్లూ నా వంతుకే వచ్చేవి. ఒక్కనాడూ ఎవరూ కనబడలేదు, ఎవరూ పలకరించలేదు. దెయ్యాలనేవి ఉంటే మరీ ఇంత మొహమాటపడతాయని నేననుకోను.

ఇక ధైర్యం సంగతంటారా, మూడేళ్ల కిందట జార్జియా కొండల్లో మగపిల్లల సమ్మర్ క్యాంపుకి వెళ్లినప్పుడు, వంటగది మీదికి వచ్చిన ఎలుగుబంటిని గరిటె ఒక్కటే ఆయుధంగా అడవి అంచుదాకా తరిమినవాణ్ని. ఆ వారం క్యాంపంతా నా భుజాల మీదే నడిచింది.

అలాంటి మనిషిని నేను. ఇప్పుడు రాయబోయేది ఆ క్యాంపులోనే, పట్టపగలు, అంతమంది మధ్యన జరిగింది.

మేముండేది ఆ జార్జియాలోనే, కమ్మింగ్ అనే ఊళ్లో. మా అమ్మాయి మాధవి, అల్లుడు ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. మా ఆవిడ పోయాక నేను వీళ్ల దగ్గరికి వచ్చేశాను. పొద్దున్నే వాళ్లిద్దరూ చెరో గదిలో కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. మనవడు నిహాల్ స్కూలు బస్సెక్కుతాడు. ఆ తర్వాత ఇంట్లో మిగిలేది నేనూ, డిష్‌వాషరూ. పని అయిపోయాక అదన్నా ఒక కూత పెడుతుంది. కారు నడపడం నాకు రాదు, నడిచి వెళ్లడానికి అక్కడ ఏమీ లేదు. వీధి చివరి దాకా వెళ్లి, అక్కడ చూసేదేమీ లేక తిరిగి వచ్చేవాణ్ని.

ఇక్కడి తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి ప్రతి వేసవిలో ఉత్తరాన కొండల్లో ఒక పాత క్యాంపుని వారంపాటు అద్దెకు తీసుకుంటాయి. మగపిల్లలకు ఒక వారం, ఆడపిల్లలకు ఇంకో వారం. చెక్క క్యాబిన్లు, ఒకదాని మీద ఒకటి మంచాలు, మధ్యలో భోజనాల హాలు, దిగువన చిన్న సరస్సు. విల్లంబులు, పడవలు, కొండెక్కడం, సాయంత్రం మంట చుట్టూ పాటలు. ఫోన్లు మొదటి రోజే ఒక డబ్బాలో వేయించుకుని తాళం పెట్టేస్తారు.

దాన్ని నడిపే సురేశ్ మా వీధిలోనే ఉంటాడు. రెండో రోజుకల్లా పిల్లలకి పిజ్జా మొహం మొత్తి అన్నం కోసం అల్లాడతారని అతని అనుభవం. "అంకుల్, మీరొచ్చి కాస్త పప్పూ ఉప్మా చూసుకుంటే చాలు. మీకూ ఛేంజ్‌లా ఉంటుంది" అన్నాడు. అతను మాట పూర్తిచేసేలోపే నేను అటక మీది సూట్‌కేసు దింపమని మాధవికి చెప్పాను.

అప్పటికి నిహాల్‌కి పదేళ్లు. వాడు నన్నూ సూట్‌కేసునీ చూసి, "తాతా, నువ్వు కూడా రావాలా?" అన్నాడు. ఆ ప్రశ్న నాకు వినబడనట్టు ఊరుకున్నాను. చెవిలో మిషన్ ఉన్నవాడికి అదొక సౌకర్యం.

ఎలుగుబంటి సంగతి ఇక్కడే చెప్పేయడం మంచిది. తర్వాత ఎవరివల్లో మీకు తెలిస్తే మిగతాదంతా నమ్మడం మానేస్తారు. అది ఎలుగుబంటి కాదు. రకూన్ అంటారు, కళ్లకి నల్ల గంతలు కట్టినట్టుంటుంది, మన పిల్లికన్నా కాస్త పెద్దది. చెత్తడబ్బా దగ్గరికొచ్చింది. నేను వంటగది లోపల ఉన్నాను, తలుపు వేసుకుని. గరిటె మాత్రం నిజం, ఉప్మా కలుపుతున్నాను. క్యాంపు నా భుజాల మీద నడవలేదు. ఆ ఉప్మా కూడా సగానికి సగం మిగిలింది.

ఇక ఇక్కణ్నుంచి పెంచకుండా రాస్తాను.

ఆ సరస్సులో ఈతకి ఒక పద్ధతి ఉంది. ఎవరూ ఒంటరిగా నీళ్లలోకి దిగకూడదు. ప్రతివాడికీ ఒక జత ఉండాలి, బడ్డీ అంటారు. ఒడ్డున ఒక చెక్కబోర్డు. దాని మీద ఒక్కొక్కరి పేరుతో ఒక బిళ్ల. నీళ్లలోకి దిగేముందు మన బిళ్లని కుడివైపు కొక్కేనికి తగిలించాలి, పైకి వచ్చాక ఎడమవైపుకి మార్చాలి. మధ్యమధ్యలో లైఫ్‌గార్డు విజిల్ వేస్తుంది. అది వినగానే ఎవడెక్కడున్నా సరే, తన జత చెయ్యి పట్టుకుని ఇద్దరి చేతులూ కలిపి పైకెత్తాలి. ఆమె జతలు లెక్కపెట్టుకుని రెండో విజిల్ వేస్తుంది. అప్పుడు చేతులు దించేసి మళ్లీ ఆడుకోవచ్చు.

లైఫ్‌గార్డు బెత్ అనే కాలేజీ పిల్ల. ఎత్తైన తెల్లకుర్చీలో కూర్చుని ఉండేది. నవ్వడం ఎప్పుడూ చూడలేదు. ఎవరికి ఈత ఎంతవరకు వచ్చో తెలియడానికి పిల్లలందరి మణికట్లకీ రంగురంగుల పట్టీలు వేసింది. పెద్దవాళ్లకి పట్టీలు లేవు.

ఆ ఏడాది పిల్లలు బేసి సంఖ్యలో వచ్చారు. జతలు కట్టేటప్పుడు నిహాల్ మిగిలిపోయాడు. వాణ్ని ఎవరూ పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. వాడు టవలు భుజాన వేసుకుని, ఎటు చూడాలో తెలియక బోర్డుకేసి చూస్తూ నిలబడ్డాడు.

సురేశ్ చిటికేశాడు. "అంకుల్ ఉన్నారుగా! అంకుల్, మీరు మెట్ల మీద కూర్చుంటే చాలు. ప్రాబ్లమ్ సాల్వ్డ్."

నీకు ఈత వచ్చా అని బెత్ నన్ను అడిగింది. గుండ్లకమ్మని వరదలో ఈదానని చెప్పాను. నేను గుండ్లకమ్మలో దిగిన మాట వాస్తవమే, వేసవిలో, మోకాళ్ల దాకా. ఆమె నన్ను ఎగాదిగా చూసి, తాడు కట్టిన లోతులేని చోటే ఇద్దరూ ఉండాలంది.

పిల్లల్లో కాస్త పెద్దవాడు కార్తీక్ అని ఉన్నాడు. "డ్యూడ్, నీ బడ్డీకి లైఫ్ జాకెట్ ఇస్తారా, వాకర్ ఇస్తారా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. నిహాల్ నవ్వలేదు.

నీళ్లలో వాడు నాకు గుసగుసగా నియమం చెప్పాడు. "తాతా, విజిల్ కొడితే పట్టుకో, రెండోది కొడితే వదిలేయ్. ఓకే? ఊరికే పట్టుకుని ఉండకు."

అలాగేనన్నాను గాని వెంటనే వదలడం నాకు చేతకాలేదు. రెండో విజిల్ అయ్యాక కూడా ఒక్క క్షణం పట్టుకునే ఉండేవాణ్ని. వాడు చేపలా జారిపోయేవాడు. మా ఆవిడ పోయాక నా చెయ్యి పట్టుకున్నది బీపీ చూసే నర్సు ఒక్కతే, అదీ పట్టీ చుట్టడానికి. వాడికి ఇదంతా చెప్పలేను కదా.

ఆ వారం మధ్యలో ఒక రోజు, భోజనాలయ్యాక, ఎండ బాగా కాస్తోంది. నేను మెట్టు మీద నడుము లోతు నీళ్లలో కూర్చున్నాను. ఎడమచేత్తో తాడు పట్టుకున్నాను. నా ఎడమభుజం బిగుసుకుపోయి ఏళ్లయింది, ఆ చెయ్యి గడ్డం దాటి పైకి లేవదు. అందుకని దాన్ని తాడుకిచ్చి, కుడిచెయ్యి నిహాల్‌కి ఉంచేవాణ్ని. కళ్లద్దాలూ చెవి మిషనూ తీసి ఒడ్డున టవల్లో చుట్టిపెట్టాను. ఇది నా సాక్ష్యాన్ని బలహీనం చేస్తుందని తెలుసు. అయినా చెప్పాలి.

ఆ పూట కూడా కార్తీక్ బృందం ఏదో అంటున్నట్టుంది. నాకు వినబడలేదు. నిహాల్ మాత్రం మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. కాసేపటికి వాడు రెస్ట్‌రూమ్ వైపు చూపించి, గట్టెక్కి వెళ్లాడు. జత పైకి వెళితే నేనూ వెళ్లాలి, బిళ్లలు మార్చాలి. కానీ ఆ మెట్లు పాచిపట్టి ఉన్నాయి. ఇప్పుడే వచ్చేస్తాడుగా అని కదలలేదు.

వాడు వెళ్లిన పావుగంటకి విజిల్ పడింది. మిషన్ లేకపోయినా ఆ విజిల్ నాకు వినబడేది.

బెత్ చేత చీవాట్లు తప్పవనుకున్నాను. అంతలో నా కుడిచేతిలోకి ఒక చెయ్యి వచ్చింది.

"వచ్చేశావా, బతికించావు" అన్నాను. పక్కకి చూడలేదు. హెడ్మాస్టరు ముందు నిలబడ్డవాడిలా బెత్ కుర్చీవైపే చూస్తూ చెయ్యి పైకెత్తాను. ఆమె వేలితో లెక్కపెట్టుకుంటూ మా మీదుగా దాటి వెళ్లింది. లెక్క సరిపోయింది. రెండో విజిల్ వేసింది.

సరస్సు నిండా లేచిన చేతులన్నీ ఒక్కసారిగా కిందికి పడ్డాయి. నాది పడలేదు.

నా చేతిలోని చెయ్యి జారిపోలేదు. అదే నాకు వింత, అదే నాకు సంతోషం. వాడు అలిగి వెళ్లి, మనసు మార్చుకుని వచ్చాడనుకున్నాను. "ఇవాళ బుద్ధిమంతుడివి అయిపోయావే" అని కూడా అన్నాను. ఎదురుగా నీళ్లు తళతళలాడుతున్నాయి. పిల్లలు నోళ్లు తెరిచి అరుస్తున్నారు గాని నాకు చప్పుడేమీ లేదు. అలా ఎంతసేపు ఉన్నానో తెలియదు. బెత్ కుర్చీలో లేచి నిలబడి, దించమని నాకు సైగ చేయడం మసగ్గా కనబడింది. దించాను.

చెయ్యి నీళ్లని తాకేసరికి గుప్పిట్లో నీళ్లే ఉన్నాయి. పక్కకి తిరిగితే ఎవరూ లేరు. ఈదుకుంటూ అవతలికి పోయాడనుకున్నాను.

తర్వాత ఉరిమింది. ఉరిమితే అందరూ బయటికి రావాలి, అది అక్కడి నియమం. అందరూ ఒడ్డెక్కి బిళ్లలు ఎడమవైపుకి మార్చారు. నేను చెవి మిషన్ పెట్టుకునేసరికి బెత్ బోర్డు ముందు నిలబడి నిహాల్ పేరు పిలుస్తోంది. వాడి బిళ్ల ఇంకా కుడివైపే వేలాడుతోంది. అంటే లెక్క ప్రకారం వాడు నీళ్లలోనే ఉన్నాడు.

సురేశ్ నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. "అంకుల్, వాణ్ని లాస్ట్ ఎప్పుడు చూశారు?"

"ఇప్పుడే బాబూ, నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు."

"చూశారా?"

నేను నా కుడి అరచేతిని చూసుకున్నాను.

"అంకుల్, ప్లీజ్. చూశారా లేదా?"

"పట్టుకున్నాడు" అన్నాను.

బెత్ మాత్రం తాను చూశానంది. ఇద్దరి చేతులూ పైన చూశాననీ, ఆ తర్వాతే ఏదో జరిగిందనీ అంది. ఆమె అలా అనడంతో ఇంకెక్కడా వెతకాలని ఎవరికీ తోచలేదు. అందరి చూపూ నీళ్ల మీదే ఉంది.

క్యాంపులో సాయానికి వచ్చిన మగవాళ్లంతా మోచేతుల్లో మోచేతులు పెనవేసుకుని ఒక వరసగా నీళ్లలోకి దిగారు. ఒక్కొక్క అడుగూ నెమ్మదిగా, కాళ్లతో నీటి అడుగుని తడుముతూ నడుస్తున్నారు. ఎందుకలా నడుస్తున్నారో అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది. నా మనవడు కాళ్లకి తగులుతాడేమోనని.

కార్తీక్ ఒడ్డున నిలబడి "నిహాల్! నిహాల్!" అని అరుస్తూ ఏడుస్తున్నాడు. పిల్లలందరూ ఎవడి జత చెయ్యి వాడు పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు, వాళ్లంతట వాళ్లే పట్టుకున్నారు. నేను టవలు కప్పుకుని ఆ చివర ఒక్కణ్నే నిలబడ్డాను. మాధవికి ఏమని చెప్పాలి? చెయ్యి పట్టుకున్నాను అని చెప్పాలా? వదిలేశాను అని చెప్పాలా?

వరస రెండోసారి వెనక్కి తిరుగుతుండగా భోజనాల హాలు వెనక కొండదారి నుంచి నిహాల్ దిగి వచ్చాడు. చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని ఉన్నాడు. జుట్టు ఆరిపోయి ఉంది. అందరినీ దాటుకుని నేరుగా నా దగ్గరికి వచ్చి పక్కన నిలబడ్డాడు.

బెత్ అక్కడే ఇసుకలో కూలబడిపోయింది. సురేశ్ తడిబట్టలతోనే పరిగెత్తుకొచ్చి వాణ్ని తిట్టాడు, మళ్లీ వాటేసుకున్నాడు. ఎక్కడికి పోయావురా అంటే, "గాట్ లాస్ట్" అన్నాడు వాడు. దారి తప్పాడన్నమాట. అడవి కదా, అంతే అయి ఉంటుందని అందరం ఊపిరి పీల్చుకున్నాం.

మరి నా చేతిలో ఉన్నది ఎవరి చెయ్యి?

ఆ సాయంత్రం బెత్ వంటగదికి వచ్చింది. రెండు చేతులు ఎత్తి ఉండటం కచ్చితంగా చూశానని మళ్లీ అంది. ఇంకో మాట కూడా చెప్పింది. ఆ రెండో చేతికి పట్టీ లేదట. పట్టీ ఎందుకు తీసేశాడని తర్వాత మందలించాలనుకుందట. ఆ క్యాంపులో పట్టీ లేని పిల్లాడు ఒక్కడూ లేడు. నేను ఒక్కొక్కణ్నీ పిలిచి లడ్డూ ఇచ్చి అడిగాను. ఆ విజిల్‌కి ఎవడి జతతో వాడు ఉన్నాడు. నా దగ్గరికి ఎవరూ రాలేదు.

ఇది నేను చాలా ఇళ్లలో చెప్పాను. చెప్పినచోటల్లా కాస్త మార్చాను, అదీ ఒప్పుకుంటాను. ఫ్రిస్కోలో మా మేనల్లుడి ఇంట్లో చెప్పినప్పుడు చెయ్యి మంచులా చల్లగా ఉందన్నాను, ఆ సరస్సులో ఎప్పుడో ఒక పిల్లాడు మునిగిపోయాడని కూడా అన్నాను. ఎవరూ మునగలేదు. క్యాంపు చూసుకునే ముసలాయన్ని సురేశ్ అడిగి కనుక్కున్నాడు. శాన్ రామన్‌లో చెప్పినప్పుడు అది మా ఆవిడ చెయ్యేనన్నాను. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు, నాకు ఇంకో గారె వేశారు. అది కూడా నిజం కాదు. మా ఆవిడ బొటనవేలి దగ్గర నూనె పడి కాలిన మచ్చ ఉండేది, గరుగ్గా తగిలేది. అది ఉంటే నాకు తెలిసేది. తెలిస్తే బాగుండేది.

అసలు సంగతి ఇది. ఆ చెయ్యి చల్లగా లేదు. వెచ్చగానే ఉంది. నీళ్లలో నానిన చెయ్యిలా వేళ్ల చివర్లు ముడతలు పడి ఉన్నాయి. పిల్లాడి చెయ్యేనా అంటే ఒట్టేసి చెప్పలేను. ఎరిగిన చెయ్యిలాగే ఉంది, అందుకే తిరిగి చూడలేదు. అది ఎలా వచ్చిందో, ఎలా పోయిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. నా ఎడమచెయ్యి తాడు మీదే ఉందనీ, నా కుడిచెయ్యి ఖాళీగా లేదనీ మాత్రం చెప్పగలను.

ఇంతవరకు రాసి మాధవికి ఇచ్చాను. నిహాల్‌కి తెలుగు చదవడం రాదు. ఇప్పుడు నాకన్నా ఎత్తయ్యాడు. మాధవి వంటగదిలో నిలబడి పైకి చదువుతుంటే వాడు ఫ్రిజ్‌కి ఆనుకుని విన్నాడు. రకూన్ దగ్గర నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

"ఏరా, బాగాలేదా?" అన్నాను.

"నేను లాస్ట్ అవలేదు తాతా."

మాధవి కాగితాలు కిందపెట్టింది. "అదేంటి?"

"ఆ రోజు క్యాంపు నుంచి వెళ్లిపోతున్నా. బూట్లు వేసుకుని. కొండ మీద నుంచి హైవేకి దారి ఉంది, గ్యాస్ స్టేషన్ నుంచి నీకు కాల్ చేద్దామని. ఇంటికి వచ్చేద్దామని. పైన పెద్ద రాయి ఉంటుంది, అక్కణ్నుంచి లేక్ అంతా కనిపిస్తుంది. విజిల్ వినిపించింది. చూశా."

"నా పక్కన ఎవరున్నార్రా?" అన్నాను.

"నోబడీ. రెండూ నీ చేతులే తాతా. నీ చెయ్యి నువ్వే పట్టుకున్నావ్. అందరూ దించేశారు. నువ్వు దించలా."

"ఈ భుజం లేవదు కదరా. చూడు" అని ఎత్తి చూపించాను. గడ్డం దగ్గర ఆగిపోయింది.

"ఐ నో తాతా. ఆ రోజు లేచింది. నేను చూశా" అన్నాడు వాడు. "నీకు బడ్డీ ఎవరూ లేరు కదా, అందుకే వెనక్కొచ్చా."